వరసలు పెట్టి చెప్పిన పాఠం

మా కాలేజీ పక్కనే బండలు కోసి పాలిష్ పట్టే యూనిట్ ఒకటి ఉండేది. రంపం తిరుగుతున్నంతసేపూ గొంతు చించుకుని పాఠం చెప్పాలి. కరెంటు పోతే రంపం ఆగిపోయేది. అప్పుడు మామూలు గొంతుతో మాట్లాడుకోవచ్చు. అందుకని ముఖ్యమైన పాఠాలన్నీ కరెంటు కోత వేళకు దాచిపెట్టుకునేదాన్ని. నార్మన్లు ఇంగ్లండును గెలుచుకున్న పాఠం కూడా అలాగే ఒక ఆగస్టు ఉదయం, రంపం ఆగిన తర్వాత మొదలుపెట్టాను. నేనన్న ప్రతి మాటా చివరి బెంచీ దాకా వినపడింది. వినపడకుండా ఉంటే ఎంత బాగుండేదో అని తర్వాత చాలా రోజులు అనుకున్నాను.

తొంభైల చివరి మాట ఇది. ఎం.ఏ. చరిత్ర ముగించి, తాడిపత్రి ఇవతల ఉన్న ఒక చిన్న ఊళ్లోని ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చేరి రెండు నెలలైంది. నాకు ఇరవై నాలుగేళ్లు. రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే షెడ్డులో మా నాయన పనిచేసేవాడు. మా ఇంట్లో ఉద్యోగమంటూ చేసిన మొదటి మనిషిని నేనే. బి.ఏ. రెండో సంవత్సరంలో ఇంగ్లండు చరిత్ర ఒక పేపరుగా ఉండేది. తెలుగు మీడియం పిల్లలు, చుట్టుపక్కల పల్లెల నుంచి బస్సుల్లో వచ్చేవాళ్లు. ఆ ఇంగ్లీషు రాజుల పేర్లు వాళ్ల నోట పలికేవి కావు. పరీక్షలో ఒకరి పేరు రాయబోయి ఇంకొకరి పేరు రాసేవాళ్లు. అందుకని నాకొక ఉపాయం తోచింది. పేర్లు తర్వాత బోర్డు మీద రాసిస్తాను, ముందు వరసలతో చెబుతాను అనుకున్నాను.

"ఇంగ్లండుకు ఒక ముసలి రాజు. పిల్లల్లేరు. ఆయన చచ్చిపోతే గద్దె ఎవరికి? ఒకవైపు ఆయన మేనమామ మనవడు. సముద్రానికి అవతల నార్మండీ అనే సీమకు ప్రభువు. ముసలిరాజు చిన్నప్పుడు ఆ సీమలోనే తలదాచుకుని పెరిగాడు. ఆ రుణంతో, నా తర్వాత గద్దె నీకే అని మాటిచ్చాడంటారు. ఇంకొకవైపు రాజు బావమరిది. రాజుగారి పెళ్లానికి తోడబుట్టినవాడు. దేశంలో బలమంతా ఆయనదే. రాజు మంచం పట్టినప్పుడు పక్కనే ఉన్నాడు. కన్నుమూసే ముందు రాజు తన చేతిలో దేశాన్ని పెట్టాడని ఆయన అన్నాడు. రాజును పాతిపెట్టిన రోజే కిరీటం పెట్టుకున్నాడు."

పిల్లలు రాసుకోవడం మానేసి వింటున్నారు. ఏ పాఠానికీ వాళ్లు అలా వినలేదు. నాకు హుషారు ఎక్కింది.

"అయితే ఒక చిక్కుంది. అంతకు రెండేళ్ల ముందు ఈ బావమరిది ఏదో పని మీద సముద్రం దాటి వెళ్లి, ఆ నార్మండీ ప్రభువు చేతికి చిక్కాడు. అక్కడ మహాత్ముల ఎముకలున్న పెట్టె మీద చెయ్యి పెట్టి, గద్దె నీకు దక్కేలా చూస్తాను అని ప్రమాణం చేశాడు. చేసి, ఇంటికొచ్చి, తానే ఎక్కి కూర్చున్నాడు."

రెండో బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి లేచి నిలబడింది. క్లాసులో బాగా చదివే పిల్ల. ఎప్పుడూ గట్టిగా మాట్లాడేది కాదు. "అట్లయితే ప్రమాణం చేసినాయప్ప తప్పు చేసినట్లేనా మేడం?" అని అడిగింది.

"తప్పే మరి. ప్రమాణం ప్రమాణమే కదా," అన్నాను, ఏమీ ఆలోచించకుండా.

వెనక బెంచీల్లో ఎవరో చిన్నగా నవ్వారు. ఆ అమ్మాయి కూర్చుని పుస్తకం మూసేసింది. నలుగురైదుగురు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాఠం బాగా పట్టుకుందనుకుని నేను సంతోషపడ్డాను.

మర్నాడు ఆ అమ్మాయి రాలేదు. వెనక బెంచీ కూడా సగం ఖాళీ. మొదటి పీరియడు అయ్యేసరికి ప్రిన్సిపాలు కబురు పంపాడు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. భయస్తుడే కానీ మంచివాడు. నేను లోపలికి పోగానే లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేశాడు.

"నిన్న క్లాసులో ఏం చెప్పినావమ్మా?"

"నార్మన్ల దండయాత్ర సార్."

"బావమరిది ప్రమాణం తప్పినాడని చెప్పినావంట గదా."

"పుస్తకంలో ఉన్నదే సార్."

ఆయన నుదురు రుద్దుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి సంగతంతా చెప్పాడు. కాలేజీకి ఐదు మైళ్ల దూరంలో ఒక పల్లె. ముప్పై ఏళ్లుగా ఆ చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ పెద్దగా చలామణి అయిన ఒకాయన మూడు నెలల కిందట చనిపోయాడు. పిల్లల్లేరు. పెద్దరికం, రాబోయే ఎలక్షన్లలో టికెట్టు, ఎవరికి రావాలన్నదే పేచీ. ఒకవైపు చనిపోయినాయన అక్క కొడుకు. మామ దగ్గరే పెరిగాడు, తన తర్వాత వీడే అని మామ పదిమందిలో అన్నాడట. ఇంకొకవైపు చనిపోయినాయన బావమరిది. ఆఖరి రోజుల్లో ఆసుపత్రిలో పక్కన ఉన్నది ఆయనే. కన్నుమూసే ముందు నాకే అప్పగించినాడు అంటున్నాడు. ఎప్పుడో ఏళ్ల కిందట గుడిలో ఇదే బావమరిది మేనల్లుడికి అడ్డు రానని దీపమార్పి ప్రమాణం చేశాడని మేనల్లుడి పక్షంవాళ్లు ఊరంతా చెబుతున్నారు.

"నిన్న నిన్ను ప్రశ్న అడిగిన పాప ఎవరనుకున్నావు? ఆ బావమరిది కూతురు. వెనక నవ్వినోళ్లు ఆ పక్క పిల్లోళ్లు. సాయంత్రానికి బస్సులోనే గొడవైనాదంట. ఆడలెక్చరరు కూడా క్లాసులో మనోళ్ల సంగతే చెప్పి, ప్రమాణం తప్పినోడిదే తప్పని తేల్చిందని చెప్పుకుంటాండారు."

 నేను ఆ ఊరి పేరు కూడా అప్పుడే విన్నాను. ఆ మాటే చెప్పాను.

"నేను నమ్ముతానమ్మా. వాళ్లు నమ్మల్ల గదా. ఒక పని చెయ్యి. నాలుగు రోజులు రాయదుర్గం పోయి రా."

బస్టాండు దగ్గరి ఎస్టీడీ బూతుకు పోయి, నాయన షెడ్డు పక్కనున్న కిరాణా అంగడికి ఫోన్ చేశాను. నాయనను పిలిపించారు. అంతా విన్నాడు. మిషన్ల చప్పుడు ఫోన్లో వినపడుతూనే ఉంది. "వచ్చేయి. ఆ ఉద్యోగం కాకపోతే ఇంకొకటి. ఈడ నాతోపాటు మిషన్ తొక్కుదువు," అన్నాడు. ఆ మాటతో నేను పోకూడదని నిర్ణయించుకున్నాను. మా నాయన వీపు వంగిపోయి నన్ను చదివించింది మళ్లీ ఆ మిషన్ దగ్గరికే తిరిగి రావడానికి కాదు. పైగా, పారిపోతే నేను కావాలనే అన్నానని ఒప్పుకున్నట్టు అవుతుంది.

ధైర్యంగా ఉన్నానని మాత్రం చెప్పలేను. నా అద్దె గది మెయిన్ రోడ్డు మీద. జీపు చప్పుడైతే చాలు చేతిలో పని ఆగిపోయేది. చప్పుడు దగ్గరై, ఇంటి ముందు నుంచి పోయి, దూరమైతేగానీ ఊపిరి వచ్చేది కాదు. కూర మాడిపోయిన వాసన వస్తేగానీ పొయ్యి మీద కూర ఉందని గుర్తొచ్చేది కాదు. కాలేజీకి పోయే దారిలో ముగ్గురు మగవాళ్లు ఒకచోట నిలబడి మాట్లాడుకుంటుంటే నా గురించేనేమోనని తల దించుకుని నడిచేదాన్ని.

పాఠం సగంలో ఉంది. ముగించక తప్పదు. తర్వాతి క్లాసుల్లో బోర్డు నిండా పేర్లు రాశాను. వరసలు ఎత్తలేదు. పిల్లలకు నచ్చలేదు. "వరసలతోనే చెప్పండి మేడం," అని వెనక నుంచి ఒకడు అన్నాడు. అమాయకంగా అన్నాడో, నన్ను ఇరికించాలని అన్నాడో తెలియక బోర్డు వైపు తిరిగి సుద్దముక్క విరగ్గొట్టుకున్నాను.

ఆ రోజు చెప్పవలసింది ఎదురుచూపుల కథ. కొత్త రాజు, అంటే ఆ బావమరిది, వేసవి అంతా దక్షిణపు ఒడ్డున సైన్యంతో కాచుకుని కూర్చున్నాడు. అవతలి ఒడ్డున నార్మన్ల ఓడలు సిద్ధంగా ఉన్నాయి కానీ గాలి వాళ్లకు అనుకూలంగా లేదు. వారాలు గడిచాయి. ఒడ్డున ఉన్నవాళ్ల దగ్గర తిండి అయిపోయింది. వాళ్లలో చాలామంది సేద్యగాళ్లు. ఊళ్లలో పంట కోతకొచ్చింది. ఇక ఆపలేక రాజు వాళ్లను ఇళ్లకు పంపేశాడు. పంపిన కొన్ని రోజులకే గాలి తిరిగింది.

కిటికీలోంచి బయటికి చూశాను. రెండు నెలలుగా మా దగ్గరా గాలి ఒకే దిక్కు నుంచి వీస్తోంది. మబ్బును ఊరి మీద నిలవనీకుండా తరుముకుపోతోంది. కాయ పట్టే ఊడలు దిగే వేళకు వేరుశనగ చెట్లు వాడి నేలకు అంటుకుపోయాయి. క్లాసులో సగంమంది పిల్లలు ఆ చేల మధ్య నుంచి వచ్చినవాళ్లే. గాలి కోసం ఎదురుచూడటం ఏమిటో వాళ్లకు నేను చెప్పనక్కరలేకపోయింది.

ఐదో రోజు ఉదయం పది గంటలకు జీపు వచ్చి కాలేజీ ముందే ఆగింది. డ్రైవరు పక్కన ఆ అమ్మాయి కూర్చుని ఉంది. దిగి నా దగ్గరికి వచ్చింది.

"మా నాయన మిమ్మల్ని పిల్చుకు రమ్మన్నాడు మేడం."

ప్రిన్సిపాలు వైపు చూశాను. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ ఉండిపోయాడు. అమ్మాయి నా మొహం చూసి, "నేనుండా గదా మేడం. ఏం కాదు," అంది. పంతొమ్మిదేళ్ల పిల్ల నాకు ధైర్యం చెప్పింది. జీపు ఎక్కేటప్పుడు మాత్రం నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

దారి పొడుగునా ఎర్రనేల, రాళ్ల గట్లు, ఎండిన చేలు. ఇంటి ముందు అరుగు మీద పదిమంది మగవాళ్లు కూర్చుని ఉన్నారు. నేను దిగగానే మాటలు ఆగిపోయాయి. ఒక మూల గోనెపట్ట కప్పి ఏవో పెట్టారు. అవేమిటో చూడదలచుకోలేదు.

లోపల కుర్చీలో కూర్చున్నాయన నేను ఊహించుకున్నట్టు లేడు. సన్నగా, చెంపలు పీక్కుపోయి, నిద్ర లేనట్టున్నాడు. చదువుకునే కళ్లజోడు జేబులో ఉంది. నాకు కుర్చీ వేయించి, "భయపడొద్దమ్మా. నువ్వు క్లాసులో చెప్పినావంటనే, ఆ కథ నాకూ చెప్పు. మొదట్నించీ," అన్నాడు.

ప్రమాణం సంగతి దాటేద్దామా అని ఒక్క క్షణం అనుకున్నాను. కూతురు గోడకు ఆనుకుని నన్నే చూస్తోంది. దాటేస్తే ఆ పిల్లకు తెలిసిపోతుంది. మొదటి నుంచి చెప్పాను. ముసలి రాజు, మేనమామ మనవడు, బావమరిది. ప్రమాణం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోవాలనిపించింది. అయినా చెప్పాను.

ఆయన అంతా విన్నాడు. తర్వాత అడిగాడు. "ప్రమాణం చేసినాడని ఎవరు రాసినారు?"

"నార్మన్లు రాశారండి."

"అంటే గెలిచినోళ్లు."

"అవునండి."

"మరి ఓడిపోయినోళ్లు ఏం రాసినారు?"

"వాళ్ల పుస్తకాల్లో ఆ ప్రమాణం ఊసే లేదండి. రాజు చనిపోయేటప్పుడు బావమరిదికే అప్పగించాడని రాసుకున్నారు."

ఆయన మొహంలో కోపం లేదు. "ఆ మాట పిల్లోళ్లకు చెప్పినావా మరి?" అన్నాడు.

చెప్పలేదు. పాఠం రంజుగా ఉండాలని ఒక పక్షం మాటే చెప్పి, తప్పెవరిదో నేనే తేల్చేశాను. ఆ పల్లె గురించి నాకేమీ తెలియదన్నది నిజమే. చరిత్ర లెక్చరరుగా మాత్రం నేను చేసింది తప్పే. అది ఆ కుర్చీలో కూర్చున్నప్పుడే నాకు తెలిసొచ్చింది.

"చెప్పలేదండి. నాది పొరపాటు. వారం లోపలే క్లాసులో చెబుతాను," అన్నాను.

ఆయన తల ఊపాడు. "సరే. ఆ తర్వాత ఏమైనాది?"

ఇది నేను రాకూడదనుకున్న ప్రశ్న. మిగిలిందంతా చెప్పాను. గాలి తిరగడం. అదే సమయంలో ఉత్తరాన ఇంకొక శత్రువు దిగడం, ఆ శత్రువు వెంట రాజు సొంత తమ్ముడే ఉండటం. రాజు పరుగున ఉత్తరానికి పోయి, తమ్ముణ్ని ఓడించడం. ఆ యుద్ధంలోనే తమ్ముడు చనిపోవడం. ఆ గెలుపులో తగిలిన గాయాలు ఆరకముందే నార్మన్లు దక్షిణాన దిగారని కబురు రావడం. అలసిపోయిన మనుషులతో మళ్లీ దేశమంతా దాటి రావడం. గుట్ట మీద డాలు పక్కన డాలు పెట్టి గోడలా నిలబడటం. శత్రువు పారిపోతున్నట్టు నటిస్తే, కొందరు గోడ విడిచి వెంటపడి చావడం.

"ఆయప్ప?"

"పొద్దు వాలేవేళకు పడిపోయాడండి. కంటిలో బాణం తగిలిందని కొందరు రాశారు. మిగిలిన ఇద్దరు తమ్ముళ్లూ అక్కడే పోయారు."

అరుగు మీదివాళ్లు కూడా వింటున్నారని అప్పుడు గమనించాను.  ఆయన తన చేతివేళ్లు చూసుకుంటూ కూర్చున్నాడు. ఇక నన్ను ఇంటికి పోనిస్తారో లేదో అనుకున్నాను.

అప్పుడు లోపలి గడప దగ్గర నుంచి ఒక ఆడమనిషి గొంతు వినపడింది. "ఆయప్ప చెల్లెలు ఉండాది గదా పాపా. ఆ ముసలి రాజు పెండ్లాం. ఆమె ఏమైపోయినాది?"

తిరిగి చూశాను. యాభై ఐదేళ్ల మనిషి, బోసి నుదురు, బోసి చేతులు. చనిపోయిన పెద్దాయన భార్య. కుర్చీలో ఉన్నాయనకు అక్క. ఇన్ని రోజులుగా మొగుడి పేరు, తమ్ముడి పేరు, మేనల్లుడి పేరు నా చెవిన పడుతూనే ఉన్నాయి. ఆమె గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. నేనూ అడగలేదు. క్లాసులో పాఠం చెప్పినప్పుడు కూడా రాజుగారి పెళ్లాం అని వరస కలపడానికి వాడుకుని వదిలేశాను.

"తెలియదమ్మా. మా పుస్తకంలో లేదు," అన్నాను.

"కనుక్కోని చెప్తావా?"

తమ్ముడు విసుగ్గా, "ఎందుకక్కా అవన్నీ?" అన్నాడు. ఆమె ఆయన వైపు చూడలేదు. నా వైపే చూస్తూ నిలబడింది. చెబుతానన్నాను.

నన్ను జీపులోనే తెచ్చి దించారు. కాలేజీ ముందు ప్రిన్సిపాలు నిలబడి ఉన్నాడు. నన్ను చూసి గేటు పట్టుకుని కిందికి కూర్చుండిపోయాడు.

ఆ శనివారం అనంతపురం పోయి యూనివర్సిటీ లైబ్రరీలో కూర్చున్నాను. మందపాటి ఇంగ్లీషు పుస్తకాల్లో ఆ రాణి గురించి అక్కడొక ముక్క, ఇక్కడొక ముక్క దొరికాయి. డిక్షనరీ పక్కన పెట్టుకుని సాయంత్రం దాకా చదివాను. మూడు వారాల లోపల ఆమె నలుగురు అన్నదమ్ములు పోయారు. ఒకణ్ని ఇంకొకడే ఓడించాడు. ఇంకొక తమ్ముడు ఎన్నో ఏళ్లుగా నార్మండీలో బందీ. ఆమె అప్పుడు తన భరణం కింద వచ్చిన ఒక పెద్ద పట్నంలో ఉంది. గెలిచినవాళ్లు కబురు పంపారు. ఆమె ఊరి పెద్దలను కూర్చోబెట్టుకుని మాట్లాడి, పోట్లాడకుండా వాళ్లు అడిగినదానికి ఒప్పుకుంది. ఆ పట్నం కాలలేదు. ఆమె భూములు ఆమెకే ఉండిపోయాయి. మరో తొమ్మిదేళ్లు బతికింది. పోయాక మొగుడి సమాధి పక్కనే పెట్టారు.

రాసుకున్న కాగితం మడిచి పెట్టుకున్నాను గానీ, బస్సులో వస్తుంటే భయం మొదలైంది. ఇది ఆమెకు చెబితే ఏమవుతుంది? లొంగిపొమ్మని సలహా ఇచ్చినట్టు కాదా? మేనల్లుడి పక్షంవాళ్లే నన్ను పంపారని తమ్ముడు అనుకోడా? ప్రిన్సిపాలును అడిగితే, "దొరకలేదని చెప్పెయ్యమ్మా, పీడా పోతుంది," అన్నాడు. రెండు రోజులు ఆ మాటే సరైనదనిపించింది. మూడో రోజు ఆ అమ్మాయి కాలేజీకి వచ్చింది. నా దగ్గరికి వచ్చి, "మా అత్త అడగమనింది మేడం. దొరికినాదా అని," అంది.

అంతకుముందురోజే క్లాసులో ప్రమాణం సంగతి సరిదిద్దాను. రెండు పక్షాలూ ఏం రాసుకున్నాయో చెప్పి, ఏది నిజమో నాకు తెలియదని ఒప్పుకున్నాను. ఒక పక్షం మాట చెప్పి ఒక పక్షం మాట దాచడం ఏమిటో అప్పటికే అనుభవమైంది. దొరికిందని చెప్పాను.

మధ్యాహ్నం ఆ అమ్మాయితో కలిసి మామూలు బస్సులోనే వెళ్లాను. ఆయన ఇంట్లో లేడు. పెద్దామె పెరటి వరండాలో కూర్చుని విత్తనం కాయలు ఒలుస్తోంది. ఆ ఏడు ఇక విత్తేదేమీ లేదని అందరికీ తెలుసు. అయినా ఒలుస్తోంది. నన్ను కూర్చోమంది. నేనూ చాటలోంచి కొన్ని కాయలు తీసుకుని ఒలుస్తూ చెప్పాను.

"నలుగురా?" అంది.

"నలుగురమ్మా. ఇంకొకరు చెరలో."

కాయ ఒలవడం ఆపేసింది. "నాకు ఇద్దరే. చిన్నోడు ముందే పోయినాడు," అంది. ఎలా పోయాడో నేను అడగలేదు. కాసేపటికి, "ఆమె ఒప్పుకోకపోయుంటే?" అంది.

"తెలియదమ్మా. ఉత్తరాన కొన్ని ఊళ్లు తిరగబడ్డాయి. వాటిని తగలబెట్టారు. నాగళ్లు, విత్తనాలు, పశువులు ఏవీ మిగల్చలేదు. తిండి లేక జనం చచ్చిపోయారు. చాలా ఏళ్లు ఆ నేల బీడుగానే ఉండిపోయిందట."

"ఒప్పుకున్నందుకు ఆమెను తిట్టినారా?"

దీనికి నా కాగితంలో జవాబు లేదు. "రాసినవాళ్లు ఎక్కువగా రాయలేదమ్మా. తిట్టే ఉంటారు," అన్నాను.

"తిట్టే ఉంటారు," అని ఆమె కూడా అంది. లేచి లోపలికి పోయి మజ్జిగ తెచ్చింది. తాగేదాకా నిలబడి చూసి, గ్లాసు తీసుకుని, "బస్సుకు పోవల్ల గదా, పో పాపా," అంది. అంతకుమించి మా మధ్య మాటలేమీ జరగలేదు.

పది రోజుల తర్వాత జరిగింది ఊరంతా చెప్పుకున్నారు. పెద్దామె ఒక ఉదయం ఒంటరిగా ఇంట్లోంచి బయలుదేరి, పల్లె మధ్యలో నుంచి నడుచుకుంటూ మేనల్లుడి ఇంటికి పోయింది. అరుగుల మీద కూర్చున్న రెండు పక్షాల మగవాళ్లూ లేచి చూస్తుండిపోయారట. మేనల్లుడి వాకిట్లో నిలబడి, అందరికీ వినపడేటట్టు, "మీ మామ పేరు నువ్వే నిలబెట్టుకో. మా తమ్ముడు అడ్డం రాడు. ఆయప్ప మీద ఒక రాయి పడినా నేను ఈ వాకిట్లోనే చస్తాను," అనిందట. తమ్ముణ్ని అడగకుండా ఆయన తరఫున మాటిచ్చింది.

తర్వాతి నెల రోజులు నేను ఎలా గడిపానో చెప్పలేను. పల్లెలో పోలీసులను పెట్టారు. పిల్లలు బస్సులో మాట్లాడుకోవడం మానేశారు. ఏ పొద్దున ఏం వినాలో అని పేపరు తెరవడానికి భయం వేసేది. ఆమె నా మాట విని పోయిందా? పోయినందుకు ఎవరైనా ఆమెను ఏమైనా చేస్తే? ఎంత తిప్పి చూసుకున్నా నేను చెప్పింది సలహా కాదు. ఎంత తిప్పి చూసుకున్నా సలహా కాకుండానూ లేదు.

పల్లెలో ఎవరూ చావలేదు. తమ్ముడు ఆ అవమానం తట్టుకోలేకపోయాడు. అక్కతో మాట మానేసి, ఇల్లు తాళం వేసి, పెళ్లాం బిడ్డలతో బళ్లారి వైపు వెళ్లిపోయాడు. పోయే ముందురోజు ఆ అమ్మాయి లైబ్రరీ పుస్తకాలు తిరిగివ్వడానికి వచ్చింది. డిగ్రీ సగంలో ఆగిపోతోంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"నాయనకు మీ మీద శానా కోపంగా ఉండాది మేడం. ఆ మేడం రాకపోయుంటే అత్త పోయుండదు అంటాండాడు."

"నువ్వేమంటావు?" అని అడిగాను.

"నాకు తెల్దు మేడం," అంది. పుస్తకాలు టేబుల్ మీద పెట్టి, అట్ట నలిగిన చోట చేత్తో సాపు చేసి వెళ్లిపోయింది.

రెండేళ్లకు నేనూ ఆ కాలేజీ మానేసి గవర్నమెంటు జూనియర్ కాలేజీలో చేరాను. రెండు వేల ఆరో ఏడో, నాయనను చూడటానికి రాయదుర్గం వెళ్లినప్పుడు, ఆయన పనిచేసే వీధిలోనే కొత్తగా పెట్టిన ఒక కుట్టు షెడ్డు ముందు నన్ను ఎవరో "మేడం" అని పిలిచారు. ఆ అమ్మాయే. ఇప్పుడు పదిహేను మిషన్లు నడిపిస్తోంది. చేతిలో కత్తెర, భుజం మీద టేపు. ఆగిపోయిన డిగ్రీని తర్వాత ప్రైవేటుగా పరీక్షలు కట్టి పూర్తి చేశానని చెప్పింది. లోపలికి పిలిచి టీ తెప్పించింది.

పెద్దామె అంతకు ఏడాది ముందు చనిపోయిందని అక్కడే తెలిసింది.

"చివరి చూపుకు మీ నాయన పోయినాడా?" అని అడిగాను.

"పోయినాడు మేడం. ఇంట్లోకి పోలా. రోడ్డు మీదే నిలబడుకోని, పాడె లేచినంక వెనకాలే నడిచినాడు. ఈరోజుకీ అత్త పేరెత్తితే కోపమే." భుజం మీది టేపు తీసి చుట్టుకుంది. "బతికుండాడు కాబట్టి గదా మేడం, కోపం చేస్తాండాడు," అంది.

ఇంతలో ఆయనే వచ్చాడు. జుట్టంతా తెల్లబడింది, చేతికర్ర పట్టుకున్నాడు. నన్ను గుర్తుపట్టడేమోనని ఆశపడ్డాను. గుమ్మంలో ఆగి, తేరిపార చూశాడు. టీ గ్లాసు పట్టుకునే లేచి నిలబడ్డాను.

"కూర్చో, కూర్చో," అన్నాడు. తానూ ఎదురుగా స్టూలు మీద కూర్చుని, కర్ర మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. "ఆ పాఠం ఇంకా చెప్తాండావామ్మా?"

"లేదండి. సిలబస్ మార్చారు. ఆ పాఠం తీసేశారు."

"మంచి పని చేసినారు," అన్నాడు. కూతురి వైపు తిరిగి, మేడం గ్లాసు ఖాళీ అయింది, ఇంకొక టీ చెప్పమన్నాడు.